రాయి మోత

నంద్యాలలో నేను పనిచేసే వినికిడి యంత్రాల దుకాణం ప్రతి మంగళవారం నన్ను ఆళ్లగడ్డకు పంపుతుంది. అక్కడ ఒక మందుల అంగడి వెనుక గదిలో కూర్చొని చెవులు పరీక్షిస్తాను. నా చదువు చెవిని కొలవడం నేర్పింది. కొలిచాక ఎదుటి మనిషితో ఏం మాట్లాడాలో నేర్పలేదు. మొదట్లో కాగితం మీది గీత చూపించి ఊరుకునేవాణ్ణి. ఎవరికీ అర్థమయ్యేది కాదు. క్రమంగా, పక్కన కూర్చొని పంట సంగతి, ఇంటి సంగతి అడిగి, చివర "కొన్నాళ్లకు అలవాటైపోతుంది" అనడం నేర్చుకున్నాను. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. అందుకే సంకోచం లేకుండా వాడేవాణ్ణి.

పోయిన వేసవిలో ఒక శిల్పి తన భార్యతో కలిసి వచ్చాడు. యాభై దాటిన మనిషి. రాయి కోసే యంత్రాల పక్కనే సగం జీవితం గడిచింది. శబ్దం వినిపించినప్పుడు వేలెత్తమన్నాను. ప్రతిసారీ ఎత్తాడు. ఫలితం నమ్మశక్యంగా లేదు. గమనిస్తే, అతని చూపు మీట నొక్కుతున్న నా బొటనవేలి మీద ఉంది. కుర్చీని గోడవైపు తిప్పాను. ఆ తర్వాత సన్నని, తీక్షణమైన శబ్దాలకు అతని వేలు లేవలేదు.

"నేను గొంతు చించుకున్నా పలకడు, నీ డబ్బాకు పలుకుతాడా సార్?" అని ఆమె నవ్వింది.

అతను నవ్వలేదు. "మాటలు ఇనపడకున్నా పొద్దు పోతాది సార్. రాయి ఇనపడాల."

రాయిని ఎంచేటప్పుడు సుత్తితో తట్టి వింటారు. లోపల పగులు లేనిది గంటలా మోగుతుంది. పగులున్నది మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా తెలియక ఎంచితే, నెలలపాటు చెక్కిన విగ్రహం ముఖం దగ్గర విడిపోతుంది. అతని చేతిలో అప్పటికే రెండు అలా పోయాయి. ఇంకొకటి పోతే రాయి ఎంచే పని ఇక అతనికి ఉండదని శిల్పశాల యజమాని తేల్చి చెప్పాడట.

మరుసటి మంగళవారం అతని చెవికి యంత్రం అమర్చి, వాళ్లిద్దరి వెంట శిల్పశాలకు వెళ్లాను. అతను వినాలని తోటివాళ్లు కోత యంత్రాలన్నీ ఆపేశారు. ఒక మంచి రాయి, పగులుందని అందరికీ తెలిసిన ఇంకొకటి అతని ముందు పెట్టారు. ఒకదాన్ని తట్టాడు. రెండోదాన్ని తట్టాడు.

"రెండూ ఒకటే."

కారణం నాకు తెలుసు. హఠాత్తుగా వచ్చే శబ్దాన్ని యంత్రం ప్రమాదమనుకొని అణచివేస్తుంది. సాగే మోతను తనలోంచి వచ్చే ఈల అనుకొని చెరిపేస్తుంది. ఆ రెండు ఏర్పాట్లనూ తీసేశాను. మళ్లీ తట్టాడు. ఆ నిశ్శబ్దంలో రాయి మోత నాకే స్పష్టంగా వినిపించింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ మోతను అందుకోవలసిన కణాలు చెవిలో చచ్చిపోయాయి. యంత్రం ఎంత పంపినా లోపల అందుకునేది ఏదీ లేదు. మూడోసారి గట్టిగా కొట్టాడు. పెచ్చు లేచింది.

"కొన్నాళ్లకు అలవాటైతాదా సార్?" అని ఆమె అడిగింది.

యంత్రం అమర్చేటప్పుడు నేను వాళ్లతోనూ అన్న మాటే. ఆమె దాన్ని తిరిగి అడుగుతోంది.

"కాదమ్మా. మాటలకు పనికొస్తుంది. రాయికి పనికిరాదు" అన్నాను. అతనివైపు తిరిగి, పెదవులు కనిపించేలా, అదే మాట నెమ్మదిగా మళ్లీ చెప్పాను. నిజాన్ని ముఖం మీద చెప్పగలిగితే మనిషి ఎదిగినట్టని మనసులో ఎక్కడో అనుకున్నాను. ఆ మధ్యాహ్నం నా ఎదుగుదల వల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

అతను యంత్రం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మా మాటల కోసమన్నా పెట్టుకోవయ్యా" అని ఆమె చెవి దగ్గర అరిచింది.

"ఇన్నేండ్లు నీ మాటలు ఇంటిని గదా. చాల్లే."

ఎవరూ నవ్వలేదు. కోత యంత్రాలు ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి. చెక్కడం పూర్తయిన విగ్రహాలను నీళ్లు పోసి నున్నగా రుద్దే మూల ఒకటి ఉంది. పనిలో కొత్తగా చేరినవాళ్లను మొదట అక్కడే కూర్చోబెడతారు. అతను సుత్తిని రాళ్ల పక్కనే వదిలేసి, ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఆ మూల కూర్చున్నాడు.