రేవు లేని ఊరు

రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కాలేజీలో చాలాకాలంగా చరిత్ర చెబుతున్నాను. ఐరోపా వాళ్ళు మన తీరంలో పెట్టుకున్న తొలి స్థావరాల పాఠం ఏటా నాదే. గోడకు పటం తగిలించి, పాలకొల్లులో డచ్చివాళ్ళు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు అని కర్రతో చూపిస్తే పిల్లలు రాసుకునేవారు. అంతకు మించి ఏదో ఉండాలని నాకు తోచలేదు.

మూడేళ్ళ కిందట నరసాపురం వైపు నుంచి ఒకమ్మాయి లెక్చరర్‌గా చేరింది. ప్రిన్సిపాల్ గారు నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ పాఠం ఆమెకిచ్చేశారు. మా స్టాఫ్ రూముకు పక్కనే ఆ క్లాసు. అవతల నుంచి నవ్వులూ ప్రశ్నలూ వినపడుతుంటే, దిద్దుతున్న పేపర్లో ఒకే లైను నాలుగుసార్లు చదివేదాన్ని.

"మా పూర్వీకులు నేతవాళ్ళండి. వాళ్ళు నేసిన గుడ్డ కోసమే ఓడలొచ్చాయి," అని ఆమె చెబుతుంటే నాకు కడుపు మండేది. మాది మండపేట. నాన్నగారు రైసుమిల్లులో గుమాస్తా. మా ఊరికి ఏ ఓడా రాలేదు, ఏ దొరా గోదాము కట్టలేదు. నేనేం చెప్పుకోను?

ఆ శీతాకాలం ఆమె పిల్లల్ని బస్సులో ఆ ఊళ్ళు చూపించడానికి బయల్దేరదీసింది. తోడుగా నన్ను పంపారు. ఎక్కడో ఒకచోట తప్పు చెప్పకపోతుందా అని దారంతా చెవులు రిక్కించి కూర్చున్నాను.

నరసాపురంలో గోదావరి గట్టు మీద ఆ తప్పు దొరికింది. "ఈ చుట్టుపక్కలకి ముందొచ్చింది ఇంగ్లీషువాళ్ళు," అంది.

"కాదు, డచ్చివాళ్ళు," అన్నాను, అందరికీ వినపడేలా.

"అవునండి, నాదే పొరపాటు. మేడమ్ గారు చెప్పింది రాసుకోండి," అంది, ఏ మాత్రం చిన్నబుచ్చుకోకుండా.

ఇంతలో మండపేట దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థిని అడిగింది: "మరి మండపేట వైపు ఎవరూ ఎందుకు రాలేదు మేడమ్?"

"అది మేడమ్ గారి ఊరు. ఆవిడనే అడగండి," అని ఆమె పక్కకి జరిగింది.

"సముద్రం మీద వచ్చేవాళ్ళకి రేవు కావాలి, గుడ్డ కావాలి. మా దగ్గర రేవు లేదు," అని మొదలుపెట్టాను. "కాలవలు తవ్వాక మా వైపు వరి పండింది, మిల్లులొచ్చాయి. ఇక్కడేమో రేవు మేట వేసింది. ఇంగ్లండు మిల్లుల నుంచి సీమ గుడ్డ దిగి మగ్గాలు ఆగిపోయాయి."

"మగ్గం లేక మా నాయనమ్మ గోదావరి దాటి మీ వైపే ఊడ్పులకి వచ్చేదండి," అంది ఆమె. "మీ పొలాల గురించి చెబుతుంటే, చిన్నప్పుడు మండపేట వాళ్ళంటే నాకు భలే కుళ్ళుగా ఉండేది."

పిల్లలు నవ్వలేదు. ఆమెనే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా, అంత కష్టాన్ని రెండు ముక్కల్లో చెప్పగలిగినందుకు ఆమె మీద మళ్ళీ అసూయే పుట్టింది.

తర్వాతి ఏడాది ఆ పాఠం ఇద్దరం చెరిసగం చెబుదామని అడిగింది. పది రోజులు నాన్చి ఒప్పుకున్నాను. మొన్న క్లాసయ్యాక ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, "ఇవాళ చాలా బాగుంది మేడమ్," అంది.

"ఆవిడ చెప్పినదాని కన్నానా?" అనేశాను.

ఆ పిల్ల గబగబా పుస్తకాలు సర్దుకుంది.