మజ్జిగ ఒలికిన చోట్లు

నా చిన్నప్పుడు, ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో, మా వీధికి కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు. మలుపులో రోడ్డుకు అడ్డంగా పోయే మురుగు కాలువ మీద చతురస్రంగా ఉన్న ఇనప చువ్వల జాలీ పరిచారు. మూడో రోజునే పక్కింటి అక్క సైకిల్ ముందు చక్రం ఆ చువ్వల సందులో దిగబడింది. మోకాలు చీరుకుపోయింది. అక్క ఇంటర్ చదువుతోంది. కాలేజీ వేళకు మా ఊరినుంచి బస్సు లేదు. అయినా వాళ్ల నాన్న సైకిల్‌కు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"చదువు పోతే పోయింది, కాళ్లూ చేతులూ బాగుంటే చాలు" అన్నాడు.

అక్కకు తొక్కడం రాదని నేను మా తాతయ్యతో అన్నాను. నాకప్పుడు పదేళ్లు, అన్నీ వచ్చు. తాతయ్య చాలాకాలం ఆటోనగర్‌లో వెల్డింగు పని చేసినవాడు. వాదించే అలవాటు లేదు. మూతలేని క్యాను నిండా మజ్జిగ పోసి నా సైకిల్ హ్యాండిల్‌కు తగిలించాడు. వీధి చివరిదాకా వెళ్లి రమ్మని, ఒలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయమని చెప్పాడు. తిరిగొచ్చేసరికి రోడ్డు మీద ఆరు గీతలు, క్యానులో సగం మజ్జిగ, నా చొక్కా మీద కొంత. జాలీ దగ్గరైతే దిగి నడిపించుకుంటూ వచ్చాను, అయినా ఒలికింది. దిగిన సంగతి నేను చెప్పలేదు. తాతయ్య అరుగు మీంచి చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం రోడ్డు పని మేస్త్రీ వస్తే ఆ గీతలన్నీ చూపించాడు.

"లారీ ఎక్కినా చెక్కుచెదరదండీ" అన్నాడు మేస్త్రీ.

"లారీకేముందండీ, అది మజ్జిగ మోయదుగా. తమరోసారి సైకిలెక్కండి."

మేస్త్రీ నవ్వుతూ ఎక్కాడు. జాలీ ముందు కాలు కింద పెట్టేశాడు.

"దిగారేంటి మేస్త్రీగారూ?" అని అక్క గుమ్మంలోంచి అడిగింది.

ఆయన వంగి చూశాడు. చువ్వలు దారి వెంబడే ఉన్నాయి. ఇద్దరు మనుషులు జాలీని ఎత్తి, పక్కకు తిప్పి పెట్టారు. చువ్వలు చక్రానికి అడ్డమయ్యాయి. అంతే పని. మిగతా ఐదు చోట్లా ఎగుడుదిగుడు అంచులను మర్నాడు సమం చేశారు.

అక్క వాళ్ల నాన్న ముందు తనే రెండుసార్లు తొక్కి చూసుకుని, అప్పుడు తాళంచెవి తీసిచ్చాడు.

ఇప్పుడు నేను విజయవాడలో రోడ్ల డిజైన్లు గీస్తాను. నా చెక్‌లిస్టులో వెడల్పు, వాలు, నీళ్లు పోయే దారి వరసగా ఉంటాయి; అన్నిటికన్నా పైన 'మజ్జిగ' అని ఉంటుంది. ఆఫీసులో నవ్వుతారు. అయినా రోడ్డు తెరిచే ముందు మూతలేని క్యాను తగిలించుకుని సైకిల్ మీద ఒకసారి వెళ్లొస్తాను. ఎవరైనా పడ్డారని వింటే, తొక్కడం రాదేమో అని మాత్రం అనను. ముందు వెళ్లి రోడ్డు చూస్తాను.