బొద్దుగాడికి కేప్ తొడిగిన రోజు

కప్ప పెరిగితే పెద్ద కప్ప కావాలి. అంతే తప్ప నడుముకు బెల్టు బిగించి, చేత ఈటె పట్టి, గాల్లోకి గడ్డం ఎత్తి నిలబడే వీరుడు కాకూడదు. ఇది సూదత్త అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని మార్చాలని చాలామంది చూశారు. చూసినవాళ్లందరూ ఆవిడ చేతిలో ఉతికి ఆరేయించుకుని వెళ్లారు.

సూదత్త పని చేసేది డ్రైక్లీనింగ్ షాపులో. ముందు గదిలో కౌంటరు, మధ్య గదిలో ఆవిరి కక్కే ఇస్త్రీ టేబుళ్లు, వెనక కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను. వదులైన ప్యాంట్లు బిగించడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం ఆవిడ పని. మాట్లాడుతున్నా నోట్లో గుండుసూదులు ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఆ నోట్లోంచి వచ్చే మాటలు విన్నవాళ్లు మాత్రం, సూదులు లేకపోయినా ఆ పేరు వచ్చేదే అంటారు.

ఆవిడకు ఒక పట్టుదల ఉంది. ఎంత వదులు బట్టయినా కత్తెర పెట్టి కోయదు. మిగులు గుడ్డను లోపలికి మడిచి కుడుతుంది. "ఇవాళ సన్నబడ్డారు, రేపు లావెక్కరని ఏముంది? లోపల గుడ్డ వదిలితే విప్పుకోవచ్చు. కోసేశాక కాళ్లు పట్టుకున్నా తిరిగి రాదు" అంటుంది. కోస్తే పని తొందరగా తెములుతుందని ఓనరు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు.

ఆటలోకి ఆవిడను దించింది మేనకోడలు. దారపు ఉండల కోసం స్టూలెక్కి కిందపడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు సూదత్త తమ్ముడి ఇంట్లో మంచం మీద ఉండాల్సి వచ్చింది. కుదురుగా కూర్చోలేని మనిషి కదా, ఇంట్లో అందరినీ కాల్చుకు తినడం మొదలుపెట్టింది. ఆ బాధ పడలేక మేనకోడలు తన పాత వీడియోగేమ్ తెచ్చి చేతిలో పెట్టింది. అరచేతిలో పట్టేంత తెర, కింద రెండు బటన్లు. పచ్చది నొక్కితే అవును, ఎర్రది నొక్కితే వద్దు. అడవుల్లో, గుట్టల్లో తిరుగుతూ వింత జీవుల్ని పట్టుకోవాలి, పెంచాలి, పక్కవాళ్ల జీవులతో పోటీకి దించాలి. అదీ ఆట. జీవికి తగినంత బలం రాగానే తెర తెల్లబడుతుంది, జీవి రూపు మారుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఎర్ర బటన్ నొక్కితే మారదు.

ఆవిడకు మొట్టమొదట దొరికింది ఒక కప్ప. బురద రంగు, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, ఒక కన్ను రెండో కంటికంటే కాస్త పెద్దది. శత్రువు ఎదురుపడగానే ఎగిరి పొట్ట మీద దభాలున పడుతుంది. అదే దాని యుద్ధం. చూసి సూదత్త కట్టు కట్టిన కాలు కదిలిపోయేంతగా నవ్వింది. బొద్దుగాడు అని పేరు పెట్టింది.

ఆ ఇష్టం ఎక్కడిదో ఆవిడకు బాగా తెలుసు, దాచుకోలేదు కూడా. చిన్నప్పుడు ఇంటికి వచ్చిన చుట్టాలు ఆవిడ మొహం చూసి, "పెరిగితే కళ వస్తుందిలే" అని తల్లికి ధైర్యం చెప్పేవారు. పెరిగింది. మొహం అలాగే ఉంది. తరువాత పళ్లు సరిచేయించుకోమన్నారు, జుట్టుకు రంగు వేసుకోమన్నారు, ఎవరో ఒకరిని చేసుకొమ్మన్నారు, ఆ షాపు మానేసి అద్దాల బొటిక్ పెట్టుకొమ్మన్నారు. తమ్ముడి భార్య అయితే ఇప్పటికీ, "కాస్త మారితే నీకేం తక్కువ వదినా?" అంటూ ఉంటుంది. "మారకపోతే ఏం తక్కువైంది?" అని ఈవిడ అడుగుతుంది.

కాబట్టి బొద్దుగాడు రూపు మారితే ఏమవుతాడో ఆటలోనే ఉన్న బొమ్మల పట్టికలో మొదటిసారి చూసినప్పుడు ఆవిడ ఒంటికాలి మీద లేచింది. అప్పటికి ఉన్నది ఒక కాలే అనుకోండి. నీలం రంగు వీరుడు. సన్నటి నడుము. భుజాల మీంచి మడమల దాకా వేలాడే కేప్.

"కప్పకి భుజాలెక్కడివి? ఆ కేప్ దేనికి తగిలించారు?" అని తెరని నిలదీసింది. "ఆ బెల్టెందుకు? ప్యాంటే లేదు, ఏం జారిపోతోందని?"

ఆ రోజు నుంచి తెర తెల్లబడిన ప్రతిసారీ ఎర్ర బటన్ నొక్కుతూనే వచ్చింది. కట్టు విప్పాక కూడా ఆట వదల్లేదు. మేనకోడలు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయింది. సూదత్త ఆదివారాలు ఆటగాళ్లు చేరే చోటు వెతుక్కుంది.

ఆ చోటు ఫోన్లు బాగుచేసే షాపు మీద గది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద తెల్ల తెర, ఒక మూల ఎప్పుడూ ఖాళీగా ఉండే నీళ్ల క్యాను. వచ్చేవాళ్లలో కాలేజీ పిల్లలున్నారు, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఉంది, అందరూ తమ్ముడూ అని పిలిచే కొరియరు కుర్రాడున్నాడు. అందరిలోకీ పెద్దది సూదత్త. నోరు కూడా ఆవిడదే పెద్దది.

కొత్త జీవులు విడుదలైనప్పుడల్లా ఆ గదిలో ఆవిడ తీర్పు కోసం చూసేవారు, పోట్లాడటానికైనా సరే. ఒళ్లంతా మంటలున్న గుర్రం వచ్చినప్పుడు అందరూ ఆహా ఓహో అన్నారు. "మంట ఒకచోట ఉంటే అందం. తోకకీ, మెడకీ, గిట్టలకీ, చెవులకీ పెడితే అది గుర్రమా, గ్యాస్ పొయ్యా?" అంది ఈవిడ. మూడు తలల డ్రాగన్‌ని చూసి, "ఒక్క తలకి మొహం గీయడం చేతకాక మూడు పెట్టారు" అని కొట్టిపారేసింది. బకెట్‌కి కళ్లు పెట్టిన జీవిని మాత్రం గది గదంతా వెక్కిరిస్తుంటే వెనకేసుకొచ్చింది. "వాడి జోలికి పోకండి. వాడు బకెట్టు, బకెట్టులాగే ఉన్నాడు. ఏదో అయిపోవాలని వాడికి లేదు. మీకెందుకంత మంట?"

కొరియరు తమ్ముడి దగ్గర కేప్ వీరుడు ఉన్నాడు. వాడంటే అతనికి ప్రాణం. ఫోను మీద, హెల్మెట్ మీద, బైకు మీద వాడి బొమ్మే.

"సూదత్తా, మీవాడింకా పెరగలేదా?" అని ప్రతి ఆదివారం అడిగేవాడు.

"పెరిగాడు నాయనా. వేషం వెయ్యలేదంతే."

"వేషం కాదు, బలం! అందుకేగా ఎప్పుడూ ఓడిపోతారు."

"ఓడిపోయింది నేను. వాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. పొట్ట మీద పడమన్నాను, పడ్డాడు."

ఓడిపోవడం నిజమే. రూపు మారని జీవికి బలం కొంత తక్కువ. సూదత్తకు ఆ సంగతి తెలుసు, ఒప్పుకునేది, మళ్లీ వాణ్నే దింపేది.

సెలవు మీద వచ్చిన మేనకోడలు ఒక మధ్యాహ్నం కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి షాపుకు వచ్చింది. పని ఒత్తిడి మీద ఉన్న రోజు. సూదత్త ఒక పెద్దమనిషిని నిలబెట్టి, కింద కూర్చుని, ప్యాంటు అంచు మడుస్తోంది. కూర్చో అని కళ్లతోనే చెప్పింది. మేనకోడలు మిషను పక్క స్టూలు మీద కూర్చుని, అక్కడున్న తన పాత ఆట చూసి మురిసిపోయి చేతిలోకి తీసుకుంది.

బొద్దుగాడి బలం చూసింది. కళ్లు తిరిగినంత పనైంది. ఇంత బలమున్న జీవి ఇంకా కప్పగానే ఉందేమిటి? వెంటనే ఆ పిల్లకు పాత సంగతి గుర్తొచ్చింది. మంచం మీద ఉన్న రోజుల్లో అత్తకు బటన్లు అలవాటు కాక, దేనికైనా ఎర్రదే నొక్కేది. పాపం, ఇన్నాళ్లూ పొరపాటున నొక్కేస్తూనే ఉందన్నమాట! అడిగితే అత్త చిన్నబుచ్చుకుంటుందని చప్పుడు చేయకుండా బొద్దుగాణ్ని అడవిలోకి తీసుకెళ్లి ఒక పోటీ గెలిపించింది. తెర తెల్లబడింది. మేనకోడలు రెండు బొటనవేళ్లూ బటన్ల మీద నుంచి తీసేసి, ఊపిరి బిగబట్టి చూసింది.

"అత్తా, ఇటు చూడు! నీకో సర్‌ప్రైజ్!"

సూదత్త తలెత్తి చూసింది. తెర మీద నీలం వీరుడు గడ్డం ఎత్తి నిలబడ్డాడు. కేప్ గాలికి ఊగుతోంది. ఆవిడ నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న సూదుల దిండుకు గుచ్చింది.

"వాడేడీ?"

"వాడే అత్తా ఇది! నువ్వు పొరపాటున ఎర్రది నొక్కేస్తున్నావ్, అందుకే..."

"పొరపాటా? ప్రతిసారీ చూసి నొక్కానే!" గొంతు పైకి లేచింది. ఇస్త్రీ టేబుళ్ల దగ్గర ఆవిరి చప్పుడు ఆగింది. "మళ్లీ కప్పని చెయ్యి."

"అలా కుదరదత్తా."

"ఎందుకు కుదరదు?"

"ఒకసారి మారితే అంతే. వెనక్కి రాదు."

"అయితే లోపల గుడ్డ వదల్లేదన్నమాట" అంది సూదత్త. ఆ మాట అనగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"నేను మంచి చేశాననుకున్నా. వాణ్ని ఎదగనివ్వాలి కదత్తా..."

"ఎదగడం వేరు, ఇంకొకడైపోవడం వేరు! నా బతుకంతా ఇదే మాట విన్నాను. నువ్వు కూడానా?"

మేనకోడలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక ప్యాంటు కాలు పైకి, ఒకటి కిందికి ఉన్న పెద్దమనిషి మెల్లగా, "నేను రేపు రానా అండీ?" అన్నాడు.

"నిలబడండి. మీ కాలేం తప్పు చేసింది?"

అప్పుడు చూసింది సూదత్త, తెర మీద ఒక ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రూపు మారినందుకు వీరుడికి ఈటె పోటు అనే కొత్త విద్య వస్తుందట. అది నేర్చుకోవాలంటే పాతది ఒకటి మర్చిపోవాలట. పొట్ట దెబ్బ మర్చిపోవాలా?

"దానికి అవును అనత్తా" అంది మేనకోడలు ముక్కు తుడుచుకుంటూ. "ఈటె పోటు చాలా మంచిది. పొట్ట దెబ్బ చిన్నప్పటి విద్య."

సూదత్త ఎర్ర బటన్ నొక్కింది. నిజంగానే వద్దా అని ఆట ఇంకోసారి అడిగింది. నిజంగానే వద్దు. ఈసారి బటన్ లోపలికి దిగబడుతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

ఇంటికి వెళ్లి ఏడ్చింది. ఆట బొమ్మ కోసం ఏడుపేమిటని తనను తానే కసిరి, మళ్లీ ఏడ్చింది. సంగతి తెలిసి కొరియరు తమ్ముడు ఫోను చేశాడు. ఆ వీరుడి చేత గుడ్డు పెట్టిస్తే మళ్లీ అలాంటి కప్పే పుడుతుందని ఉపాయం చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. "అలాంటి వాడెందుకు నాకు? నాకు వాడు కావాలి" అని ఫోను పెట్టేసింది.

ఆదివారం వస్తుందా రాదా అని గదిలో అందరూ అనుకుంటుండగా సూదత్త వచ్చింది, వెనకే మొహం చిన్నది చేసుకుని మేనకోడలు. మొదటి పోటీ కొరియరు తమ్ముడితోనే పడింది. గోడ తెర మీద ఇద్దరు వీరులు ఎదురెదురుగా నిలబడ్డారు. అదే నీలం, అదే కేప్, అదే ఎత్తిన గడ్డం. కన్ను కూడా సరిచేసేశారు, రెండూ సమానం.

"మొత్తానికి దారికొచ్చారు సూదత్తా!" అన్నాడు కొరియరు తమ్ముడు.

"వేషం వేసింది నేను కాదు. ముందు ఆట ఆడు."

అప్పుడే మెట్లెక్కి వచ్చిన పళ్ల డాక్టరు దగ్గరి అమ్మాయి తెర వైపు చూసి, "ఇందులో ఎవరిది ఏది?" అంది.

ఒక వీరుడు ఈటె తిప్పి, మెరుపులు కురిపించి, దర్జాగా ముందుకొచ్చాడు. రెండో వీరుడు పరిగెత్తుకొచ్చి, ఎగిరి, చేతులు రెండూ బార్లా చాపి, పొట్ట మీద దభాలున పడ్డాడు. కేప్ వచ్చి వాడి నెత్తినే కప్పేసింది.

గది గొల్లుమంది. పళ్ల డాక్టరు దగ్గరి అమ్మాయి ఇంక ఏమీ అడగలేదు, నవ్వుతూ కుర్చీ లాక్కుంది. కొరియరు తమ్ముడు కూడా నవ్వాపుకోలేక తన వంతు మర్చిపోయాడు. వీరుడు కేప్ కింద నుంచి లేచి, మళ్లీ ఎగిరాడు, మళ్లీ పడ్డాడు.

"అత్తా, వాడే!" అని మేనకోడలు కుర్చీలోంచి లేచిపోయింది. "వాడే అత్తా!"

"వాడు కాకపోతే ఇంకెవడే? కేప్ మీరు తొడిగారు. పడటం నా దగ్గర నేర్చుకున్నాడు. అది మాన్పించడం ఎవడబ్బ తరం కాదు."

కొత్త బలం తోడైనందువల్ల ఆ దెబ్బలకు ఎదుటివాడు కూలిపోయాడు. తరువాతి పోటీలో సూదత్త మామూలుగా ఓడిపోయింది, అది ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ మొదటి గెలుపు అవగానే ఆట మళ్లీ అడిగింది. వీరుడికి ఇంకాస్త బలం వచ్చింది, ఇప్పుడైనా ఈటె పోటు నేర్పించి పొట్ట దెబ్బ మాన్పిస్తారా?

సూదత్త బొటనవేలు ఎత్తింది. మేనకోడలు చెయ్యి చాపింది.

"అత్తా, ఈసారి నేను నొక్కనా?"

సూదత్త ఆట ఆ పిల్ల చేతికిచ్చింది. మేనకోడలు ఎర్ర బటన్ నొక్కింది. నిజంగానే వద్దా అని అడిగితే, మళ్లీ నొక్కింది.