ఏ పిల్లను ఇయ్యాలె?

మా మనవరాలికి చదరంగం నేర్పడానికి ఇంటికి ఒక సారు వస్తున్నాడు. పిల్లలకు ముందుచూపు అలవడుతుందట, ఎదుటివాళ్ళ ఎత్తు కనిపెట్టడం వస్తుందట. మంచిదే, నేను కాదనను. వాళ్ళు బల్ల ముందు కూర్చోగానే మాత్రం లేచి వంటింట్లోకి పోతాను. నీకు ఆటలంటే అంత కోపమెందుకని ఒకసారి కోడలు అడిగింది. ఆటల మీద కాదు నా కోపం. నాకు ఆట నేర్పినవాడి మీద.

ఆయన మా బాపు. దేవరకొండ అవతల గుట్టల నడుమ మా ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు మాది. అవి యాభైల చివరి సంవత్సరాలు. మా ఊరికి ఇంకా బడి రాలేదు. నాకు బడైనా పంతులైనా బాపే. ఎండ ముదిరితే గొర్లు ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి నిలబడిపోతాయి. ఇక కాపరికి పనుండదు. అప్పుడు బాపు బండ మీద బొగ్గుతో పులిమేక పటం గీసేవాడు. పులులకు గులకరాళ్ళు, మేకలకు సీతాఫలం గింజలు. నాకెప్పుడూ మేకలే. పులి దూకితే మేక పోతుంది. మేకలన్నీ కూడి పులికి కదిలే సందు లేకుండా చేస్తే నేను గెలిచినట్టు. తొందరపడి గింజ పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని, పులి ఇప్పుడు ఎటు చూస్తోందో ముందు చెప్పమనేవాడు. పోయిన మేక కోసం ఏడిస్తే ఆట చెరిపేసేవాడు.

ఆట విసుగొస్తే చిక్కుకథలు వేసేవాడు. పులిని, మేకను, గడ్డిమోపును ఒక్కొక్కటిగా వాగు దాటించే కథను పాలపళ్ళు ఊడే వయసులోనే విప్పేశాను. ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి, వాళ్ళ ముందు ఏదో ఒకటి విప్పించి మీసం దువ్వుకునేవాడు. బాపు మెచ్చుకుంటే నాకు అన్నం కూడా అక్కర్లేదు. ఆ మెప్పే నా కొంప ముంచింది.

ఒకసారి జడ్చర్ల నుంచి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. ఆమెకు పుట్టిన పిల్లలెవరూ బతకలేదు. మేము ఇద్దరం, నేనూ చెల్లె. చెల్లె బక్కది, ఎప్పుడూ దగ్గుతూ అమ్మ కొంగు పట్టుకునే ఉండేది. అత్త ఉన్నన్నాళ్ళూ అమ్మ ముఖం మాడ్చుకునే తిరిగింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆమె వెళ్ళిపోయాక, గుట్ట కింద మంద నిలబడిన వేళ, బాపు కొత్త కథ వేశాడు.

"ఒక గొర్రెకు పిల్ల సచ్చింది. పొదుగు నిండి మొత్తుకుంటాంది. ఇంకో గొర్రెకు రెండు పిల్లలున్నయి. ఒగటి గట్టిది, ఒగటి బక్కది. పిల్ల సచ్చినదానికి ఏ పిల్లను ఇయ్యాలె?"

ఇంత సులువైన కథ బాపు ఎన్నడూ వేయలేదు. అది మా దొడ్డిలో ఏటా చేసే పనే. వేరే ఇంట్లో పుట్టిన పిల్లయితే, అసలు తల్లి దగ్గర్నుంచి పిల్లను తీయడమెందుకని అడిగేదేమో. గొర్ల నడుమ పెరిగినదాన్ని, నాకు ఆ మాటే తోచలేదు. గట్టిదాన్నే ఇయ్యాలన్నాను. బక్కది తల్లిని విడిస్తే బతకదు, గట్టిది నాలుగు రోజులు అరిచి సర్దుకుంటుంది అన్నాను. అక్కడితో నోరు మూసుకున్నానా? కొత్త తల్లి పాలు పిల్ల వీపుకు రాస్తే తన వాసనే అనుకుని రానిస్తుందనీ, కొన్నాళ్ళు పాత తల్లి కంట పడనీయొద్దనీ అడగకుండానే చెప్పాను. ఈసారి బాపు మెచ్చుకోలేదు. గొంగడి దులుపుకుని లేచాడు. మెచ్చుకోలేదని సాయంత్రం దాకా నేను అలిగాను కూడా.

తర్వాత కొద్ది రోజులకే బాపూ నేనూ జడ్చర్లకు బస్సెక్కాం. చుట్టపుచూపుగా పోతున్నామన్నాడు. అత్త ఇంట్లో పప్పు, అన్నం తిన్నాం. బాపు చెయ్యి కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, అప్పుడు చెప్పాడు.

"ఇగ నిన్ను అత్త సాదుకుంటది. ఏడ్వకు. నువ్వే చెప్పినవ్ గద బిడ్డ, గట్టిదాన్ని ఇయ్యాలని."

నమ్మించి గొంతు కోయడం అంటారు. మా బాపు అంతకన్నా తెలివైనవాడు. నా వేలితోనే నా కన్ను పొడిపించాడు.

అత్త చెడ్డది కాదు. తన పాత చీర చింపి నాకు లంగా కుట్టించింది. తన దుప్పట్లోనే పడుకోబెట్టుకుంది. కొత్త కాబట్టి కొన్నాళ్ళు అమ్మను రావొద్దని కబురు పంపింది. అన్నీ నేను చెప్పినట్టే జరిగాయి. అరిచాను, సర్దుకున్నాను. అమ్మ కొంగు వాసన ఎట్లా ఉంటుందో మర్చిపోయిన రోజు ఏదో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజైనా బాపును తిట్టుకునేదాన్ని.

అరవైల చివర చెల్లె పెళ్ళికి ఊరికి పోయాను. అదే దగ్గు చెల్లె, చక్కగా నిండుగా ఉంది. నన్ను అతిథిలా చాప మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. అంపకాలయ్యాక బాపు ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నాలుక చివర ఉన్న మాట అడిగాను.

"ఆ పిల్ల నేనే అని చెప్పి అడగకపోతివా బాపు?"

ఆయన తల వంచుకుంటాడనుకున్నాను. వంచుకోలేదు. చిన్నప్పుడు బండ దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపినప్పటి గొంతుతోనే, నెమ్మదిగా, నచ్చజెప్తున్నట్టు అన్నాడు.

"చెప్తె నువ్వు సరిగ్గ చెప్పకపోతుంటివి."

నిజమే, చెప్పేదాన్ని కాదు. బక్కదాన్నే ఇయ్యమనేదాన్ని. లేకపోతే ఎవరినీ ఇయ్యొద్దని అమ్మను వాటేసుకుని ఏడ్చేదాన్ని. చిన్నపిల్లను, ఒక్కసారి తప్పు చెప్పే అదృష్టం కూడా నాకు లేకుండా చేశాడు.