మార్తమ్మ గారికి వచ్చిన జ్వరం

మా ఎదురింటికి కొత్త గేటు పెడుతున్నారు. వెల్డింగు చేసే మనిషి జింకు పూత ఉన్న గొట్టాన్ని అతికించగానే తెల్లటి పొగ లేచి, సముద్రపు గాలికి నేరుగా నా వరండాలోకి వచ్చింది. నాలుక మీద వెగటైన తీపి తగిలింది. ఆ రుచి తెలిసి అరవై ఏళ్లు దాటింది. చేతిలోని కాఫీ పక్కన పెట్టేసి, "మార్తమ్మ గారూ" అని పైకే అన్నాను. వంటింట్లోంచి మా కోడలు తొంగి చూసి ఎవరొచ్చారని అడిగింది. ఏం చెప్పను?

మార్తమ్మ గారు బోగోలులో మా చిన్న ధర్మాసుపత్రికి పెద్ద నర్సు. డాక్టరు గారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగిలిన రోజుల్లో అన్నీ ఆమే. నేను నర్సు శిక్షణ ముగించుకుని ఆమె కింద చేరిన సంవత్సరం అరవై రెండు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పక్కనున్న జువ్వలదిన్నె దాకా వినిపించేది. ఎవరొచ్చినా ముందు "ఏం పని చేస్తావు?" అని అడిగేవారు, జబ్బు సంగతి ఆ తర్వాత. ఎదుట మనిషి దగ్గలేక చస్తుంటే పని గొడవ ఎందుకని నాకు విసుగు. పైగా పరీక్షలో మంచి మార్కులు వచ్చాయన్న గర్వం ఒకటి.

ఆమె టీకాల పని మీద రేవుకు వెళ్లిన ఒక రోజు కంచరి వీరాచారి గారు వచ్చారు. ఇత్తడి కరిగించి చెంబులు, గంటలు, కంచాలు పోతపోసే మనిషి. ఊళ్లో సగం ఇళ్ల కంచాలు ఆయన చేతివే. నెలల తరబడి దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, అప్పుడప్పుడూ వణుకుతో జ్వరం, ఒళ్లు చిక్కిపోయింది. నాకు ఇంకేం కావాలి? క్షయ అని తేల్చేశాను. ఆయన భార్య రత్నమ్మ గారిని పక్కకు పిలిచి, ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టమన్నాను. గుసగుసగా చెప్పాననే అనుకున్నాను. సాయంత్రానికల్లా వీధంతా పాకింది. వారం తిరిగేసరికి ఆయన చేతి చెంబు కొనేవాళ్లు లేరు. మనవరాలిని కూడా ఆయన ఒళ్లో కూర్చోనివ్వడం లేదని విన్నాను.

మార్తమ్మ గారు రిజిస్టరులో నా రాత చూసి, ఆ పేజీ నా వైపు తిప్పి పెట్టారు. ఆమె తిట్టినా అంత భయమేసేది కాదు.

"కఫం పరీక్షకు పంపించినావా?"

"లేదమ్మా. చూస్తేనే తెలిసిపోయింది గదా."

"చూస్తేనే! ఇంక మనకు డాక్టరు గారెందుకుమే, నువ్వుండంగా?"

కఫం మూడుసార్లు నెల్లూరుకు పంపించారు. ఫలితాల కోసం ఎదురుచూస్తూనే, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి, జ్వరం ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగారు.

"అమావాస్య మరసటి దినం సందేళ వస్తాది నర్సమ్మా, తప్పదు" అన్నారు రత్నమ్మ గారు. "గాలి సోకిందని తాయెత్తు కట్టించినాము. తెల్లారేసరికి దానంతట అదే పోతాది."

"అమావాస్య దినం ఆచారి గారు ఏం చేస్తారక్కా?"

"ఏం చేస్తారు, కొలిమి ముట్టించరు గదా. మాలో ఆ దినం ఎవురూ పనిముట్టు పట్టరు. మరసటి దినం పొద్దున్నే మళ్లీ ముట్టిస్తారు."

మార్తమ్మ గారు నా వైపు చూశారు. నాకేమీ అర్థం కాలేదు.

తర్వాత పున్నమికి, అంటే అమావాస్యకు ఇటూ అటూ పక్షం దూరంలో, ఆమె ఆ కొలిమి గదిలో మధ్యాహ్నమంతా కూర్చున్నారు. ఉన్నది ఒకటే తలుపు. గాలి తగిలితే పోత చెడుతుందని కిటికీ పెట్టలేదు. కరిగిన రాగిలో తుత్తునాగం, అంటే జింకు, వేయగానే తెల్లటి పొగ కమ్మి, దూదిపింజల్లా నుసి రాలింది. పొగ పట్టకుండా అక్కడివాళ్లు బెల్లం ముక్క చప్పరిస్తుంటే ఆమె కూడా ఒకటి అడిగి నోట్లో వేసుకున్నారు. గుమ్మంలో నిలబడిన నాకు కూడా నాలుక మీద తీపి తగిలింది.

మర్నాడు ఉదయం మార్తమ్మ గారు దుప్పటి కప్పుకుని, ఎర్రబడ్డ కళ్లతో, పెళ్లికి వచ్చినట్టు నవ్వుతూ ఆసుపత్రికి వచ్చారు.

"వచ్చిందిమే రూతూ, నాకూ వచ్చింది! వణుకు, జ్వరం, ఒళ్లంతా నొప్పులు. మొన్న అమావాస్యా? నన్ను ఏ దయ్యం పట్టింది? ఇదంతా ఆ పొగ పనిమే!"

జ్వరం వచ్చినందుకు అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. రోజూ పీలిస్తే ఒళ్లు ఆ పొగకు కొంత ఓర్చుకుంటుందనీ, ఒక రోజు మానితే ఆ ఓర్పు పోయి, మళ్లీ పీల్చగానే జ్వరం తిరగబెడుతుందనీ ఆమె ఊహించారు. డాక్టరు గారు పుస్తకం తిరగేసి ఔనన్నారు. జ్వరం పూటలో పోతుంది గానీ, ఏళ్ల తరబడి ఆ పొగా దుమ్మూ తిన్న ఊపిరితిత్తులు మాత్రం బాగుపడవని కూడా ఆయనే చెప్పారు.

కఫంలో క్షయ లేదని మూడోసారి కూడా తేలిన రోజు, ఇద్దరం కంచరివీధికి వెళ్లాం. వీరాచారి గారు పంచలో ఒక మూల కూర్చుని ఉన్నారు. పక్కన ఆయన కంచం, గ్లాసు బోర్లించి ఉన్నాయి. నేను తలెత్తలేకపోయాను.

"దాహంగా ఉండాది ఆచారి గారూ. మీ గ్లాసుతోనే నీళ్లు ఇప్పించండి" అన్నారు మార్తమ్మ గారు, వీధంతా వినేలా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేము క్రైస్తవులం, ఏ పేట నుంచి వచ్చామో ఊరందరికీ తెలుసు. ఆ వీధిలో అంతవరకూ మాకు నీళ్లు పైనుంచి దోసిట్లోనే పోసేవారు. రత్నమ్మ గారు ఎటూ తోచక నిలబడిపోయారు. వీరాచారి గారే గోడ పట్టుకుని లేచి, గ్లాసు కడిగి, బిందెలోంచి నీళ్లు ముంచి ఆమె చేతికిచ్చారు. ఆమె అంచుకు పెదవులు ఆనించి, గుక్క గుక్కగా చివరిదాకా తాగారు. వాకిళ్లలో నిలబడి వీధంతా చూసింది.

"ఇంక నువ్వు" అని నా వైపు తిరిగారు. "నువ్వు విడదీసిన కంచం నువ్వే కలిపి రా."

పెరట్లో ఆ కంచం బూడిదతో తోమి కడిగాను. వంటింటి గుమ్మంలోంచి రత్నమ్మ గారు పక్కకు తప్పుకున్నారు. లోపలికి వెళ్లి మిగిలిన కంచాల దొంతరలో దాన్ని పెట్టి వచ్చాను. ఏడ్చాను కూడా, దాచుకోవడమెందుకు?

ఆ నెలలోనే కొలిమి పెరట్లోకి, రేకుల పందిరి కిందికి మారింది. గాలి ఎటు నుంచి వస్తే అటు వీపు పెట్టి నిలబడాలని మార్తమ్మ గారి ఆజ్ఞ. మొదట్లో కొన్ని పోతలు చెడితే ఆచారి గారు ఆమెను బాగానే తిట్టుకున్నారు. అమావాస్య జ్వరం ఆగిపోయింది. ఆయాసం ఆగలేదు. ఐదారేళ్లు బతికారు, ఆ ఐదారేళ్లూ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకునే అన్నం తిన్నారు. మార్తమ్మ గారు పోయి కూడా చాలా కాలమైంది. నా సర్వీసంతా ఎవరొచ్చినా ముందు పని సంగతే అడిగాను. నా కింద చేరిన నర్సులు విసుక్కునేవారు, నాకు నవ్వొచ్చేది.

ఇందాక గేటు దాకా వెళ్లి ఆ వెల్డింగు మనిషిని అడిగాను. "నాయనా, ఆదివారం పని మానుకుంటే సోమవారం సందేళ నీకు జ్వరం వస్తాదా?"

అతను ముఖానికి అడ్డం పెట్టుకున్న అద్దం దించి నన్ను వింతగా చూశాడు. "వస్తాదమ్మా. ఎండదెబ్బేమో అనుకుంటుండా. మీకెట్టా తెలుసు?"

"చెప్తా. ముందు గాలికి వీపు పెట్టి నిలబడు" అని, లోపలికి వెళ్లి నేను తాగే గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చాను. అతను తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి నోట్లో పోసుకోబోయాడు.

"ఎత్తి పోసుకోవద్దు నాయనా" అన్నాను. "ఆనించి తాగు."