అత్త కొట్టేసిన ముప్ఫై

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లో ఆ మధ్యాహ్నం ఉన్నవి ఇవి: నాన్న, నేను, సెలవుకి వచ్చిన మేనత్త, ఆమె ప్రమోషన్ ఫారం, ఎర్ర పెన్సిలు, నేను తయారుచేసిన జాబితా. అత్త మాలిక్యులర్ బయాలజిస్టు. యీస్టు కణంలో జన్యువుని కోరిన చోట కత్తిరించి మార్చడం ఆమె పని. ఆమె పరిశోధనని నలభై ఒక్క పత్రాలు ఉదహరించాయని నేను లెక్క తేల్చాను. ప్రమోషన్‌కి ఇరవై ఐదు ఉంటే చాలు.

ఆ జాబితాలో ఏది కొట్టేయాలన్నా అత్త ముందు పెన్సిలు మొనని నాలిక్కి అద్దుకునేది. మొదట తను రాసిన పత్రాలే తొమ్మిది కొట్టేసింది. తర్వాత తన పై అధికారి శిష్యులవి పద్నాలుగు. ఆ తర్వాత, యీస్టులో చేసిన పనిని వరిలో చేసినట్టు రాసినవి ఏడు.

"చదవకుండానే నా పేరు రాసీసారు," అంది.

"ఏటే ఇది? అందరూ అన్నీ కలిపే రాత్తన్నారు కదా. ఛోడ్ దే, వదిలీ," అన్నాడు నాన్న.

"వాళ్ళని రాసుకోనీ అన్నయ్యా. ఈ ఫారం కింద సంతకం నాది."

మిగిలినవాటిలో మూడు, ఆమె ఫలితం తప్పన్నవి.

"అత్తా, వీళ్ళు నిన్ను తిట్టారు. వీళ్ళనెందుకు ఉంచావు?"

"ప్రయోగం చేసి చూసి తిట్టారురా. వాళ్ళుండాలి."

ఫారంలో పదకొండని రాసింది. ప్రమోషన్ రాలేదు. మరుసటి ఏడాది మళ్ళీ అదే ఫారం ఇచ్చారు. అత్త పన్నెండని రాసింది.