మా అన్న కడిగిన రబ్బరు

మా అన్న పోయినాడని హిందూపురం నుంచి ఫోను వచ్చేసరికి నేను ధర్మవరంలో, మా అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. గరిటె కింద పెట్టలేదు. అందరికీ పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు బస్టాండుకు పోయినాను. ఈమెది రాతిగుండె అని ఆయా అనుకునింటుంది. అనుకోనీ.

తొంభైల్లో హిందూపురం చుట్టుపక్కల జీపులు, టెంపోలు నడిపినవాళ్లకు మా అన్న తెలుసు. బ్రేకుల మేస్త్రీ అనేవాళ్లు. ఇంజను జోలికి పోడు, గేర్లు ముట్టడు. బ్రేకులే. మాస్టర్ సిలిండరు విప్పుకుని కూర్చున్నాడంటే వదిన అన్నానికి ఎన్నిసార్లు పిలిచినా లేచేవాడు కాదు.

ఒకసారి ఆ సిలిండరులో ఏముంటుందని అడిగినాను. పిల్లలకు మందు పోసే సిరంజి తీసి చూపించినాడు.

"ఇంతే పాపా. కాలితో తొక్కితే లోపల కడ్డీ పిస్టన్ను నూకుతాది. పిస్టన్ మూతికి రబ్బరు ఉండాది చూడు, అది బిర్రుగా పట్టుకుంటేనే బ్రేకాయిలు పైపుల్లో పోయి నాలుగు చక్రాలనూ నిలబెట్టేది. రబ్బరు చెడిందా, ఆయిలు వెనక్కి జారిపోతాది. నువ్వెంత తొక్కినా చక్రానికి తెలీదు."

ఆ రబ్బరుకు పెట్రోలు, డీజిలు సోకకూడదని కూడా అప్పుడే చెప్పినాడు. సోకితే ఉబ్బి, మెత్తబడి, చినిగిపోతుందంట. కడిగితే బ్రేకాయిలుతోనే కడగాలంట. ఇంకో మెకానిక్కు ఎవరైనా పెట్రోలుతో కడిగితే వాణ్ని పట్టుకుని చెడామడా తిట్టేవాడు.

మా ఆయన కిరాయి జీపు నడిపేవాడు. ఒక ఆదివారం అన్న దగ్గర బ్రేకులు చేయించుకుని ఇంటికొచ్చినాడు. తెల్లవారి పెళ్లివాళ్లను ఎక్కించుకుని హిందూపురం బయల్దేరినాడు. పెనుకొండ ఘాటులో జీపు బండను గుద్దింది. పెళ్లివాళ్లు కాళ్లూచేతులూ విరిగి బతికినారు. ఆయన ఆడనే పోయినాడు.

రాత్రి తాగింటాడు, నిద్రపోయింటాడు అని ఊరంతా అన్నారు. ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన ఒక్కడే, "లేదమ్మా, పెడలు నేలకంటుకపోయింది. పాపం, తొక్కుతానే ఉన్నాడు" అన్నాడు. ఆ మాట ఎవరు వింటారు?

దినం రోజు అన్న వచ్చినాడు. జీపు విప్పి చూసొచ్చినాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి మా అత్త ముందర, నా ముందర విప్పినాడు. అందులో ఉబ్బి అంచు చినిగిన రబ్బరు.

"ఆపొద్దు బ్రేకాయిలు అడుగంటింది. అంగళ్లన్నీ మూసినారు. ఉండేదాన్ని పోసేదానికి పెట్టుకుని, రబ్బర్లు పెట్రోలుతో కడిగినా. బావ తొందర పెట్న్యాడు... కాదు, బావ మీదికి తొయ్యను. తెలిసే కడిగినా పాపా. ఒక్క తూరికి ఏమయితాదిలే అనుకున్యా."

మా అత్త గుప్పెడు మన్ను తీసి మొహాన కొట్టింది. "నీ చేతులిరిగిపోను" అని శాపనార్థాలు పెట్టింది. అన్న మన్ను తుడుచుకోలేదు. నా వైపు చూసినాడు. రేషను స్టోరు డీలరు కూడా నా నోటికి జడిసేవాడు. అట్లాంటి నాకు ఒక్క మాట రాలేదు.

ఆ తర్వాత బ్రేకులు చేసిన ప్రతి బండిలోనూ అన్న డ్రైవరు పక్కన కూర్చుని పెనుకొండ ఘాటు దిగొచ్చేవాడు. "ఏమప్పా మేస్త్రీ, మా మీద నమ్మకం లేదా?" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు. "నా మీదనే లేదబ్బా" అనేవాడు.

మా అత్త బతికున్నంత కాలం గడప తొక్కనియ్యలేదు. అరుగు మీదనే కూర్చుని, పిల్లలను పలకరించి పోయేవాడు. పోయేముందు ఎప్పుడూ ఒకటే మాట. "పాపా, ఒకతూరి తిట్టరాదా నన్ను." నేను "అన్నం తిని పో" అనేదాన్ని.

ఒక మాట చెప్పాలి. అన్న ఆ పొట్లం విప్పకపోయింటే ఎవరికీ తెలిసేది కాదు. మా ఆయన తాగుబోతు డ్రైవరుగానే మిగిలిపోయేవాడు, నా పిల్లలు తాగుబోతోని పిల్లలయ్యేవాళ్లు. మా ఆయన్ను తీసుకుపోయిందీ ఆ చేతులే, ఆయన పేరు నిలబెట్టిందీ ఆ చేతులే. ఇంక నేనేమని తిట్టేది? ఏమని క్షమించేది?

పోయిన నెల ఆస్పత్రిలో చూసినాను. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయినాయి. "ఇంక పొద్దు లేదు పాపా, తిట్టు" అన్నాడు. బత్తాయి రసం పిండి ఇచ్చినాను. తిడితే తీరిపోతుందని నాకూ తెలుసు. తీరిపోవడం ఇష్టం లేక తిట్టలేదో, అన్న కదా అని తిట్టలేదో, ఇప్పటికీ నాకు తెలియదు.

నేను బస్సు దిగి పోయేసరికి అన్నను వాకిట్లో పడుకోబెట్టినారు. చుట్టూ డ్రైవర్లు. దగ్గరికి పోయి కూర్చున్నాను. అప్పుడు లేచింది నా నోరు.

"చంపితివి కదరా అన్నా! నా మొగుణ్ని నువ్వే చంపితివి కదరా!"

వదిన నా నోరు మూయబోయి, చెయ్యి తీసేసింది. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టినాను. గొంతు పోయేదాకా తిట్టినాను. అన్న మొహం మీద వాలే ఈగలను కొంగుతో తోలుతానే తిట్టినాను.